అక్కయ్య జవాబులు: తెరమీద కనిపించని నెలలు

మన సినిమాల్లో హీరోయిన్‌కి ఒక్క వాంతి వచ్చిందంటే చాలు, డాక్టరుగారు నాడి పట్టుకుని చిరునవ్వు నవ్వేస్తారు. హీరో గంతేస్తాడు. వెంటనే సీమంతం పాట. పాట అయ్యేసరికి ఉయ్యాల్లో పాపాయి! మధ్యలో ఆ పిల్ల ఒళ్ళు పడ్డ బాధలు ఏ కెమేరాకీ కనిపించవు. అలాంటి బాధ గురించే ఈ వారం ఉత్తరం.

"అక్కయ్యా! నాకు మూడో నెల. చనుమొనలు ముట్టుకుంటే మంట. రవిక రాసుకున్నా ప్రాణం పోతున్నది. సన్నగా పగిలినయి కూడా. సబ్బు పెట్టి ముతక గుడ్డతో రుద్దితే గట్టిపడతాయనీ, లేకపోతే రేపు బిడ్డకు పాలియ్యలేవనీ మా అత్తమ్మ అంటున్నది. మా ఆయనతో చెప్పాలంటే సిగ్గు. ఏం చెయ్యను?" - ఓ సోదరి, కుసుమంచి.

చెల్లీ! ముందు ఆ ముతక గుడ్డ అవతల పెట్టెయ్. మీ అత్తమ్మని తప్పుపట్టకు. ఒకప్పుడు డాక్టర్లు, నర్సులు కూడా అదే చెప్పేవారు. ఇప్పుడు వద్దంటున్నారు. రుద్దితే చర్మం గట్టిపడదు సరికదా, ఉన్న పైపొర లేచిపోతుంది. పైగా నెలలు నిండేకొద్దీ మొనల్ని అదేపనిగా నలిపితే గర్భసంచి బిగుసుకుని నొప్పులు మొదలు కావచ్చు.

ఇంతకీ ఈ మంట ఎందుకంటావా? కడుపు పండగానే ఒంట్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు పెరుగుతాయి. రొమ్ములకి రక్తం ఎక్కువగా పారుతుంది. చాలామందికి నాలుగో వారం, ఆరో వారం మధ్యే సలుపు మొదలై, మూడు నెలలు దాటాక తగ్గుతుంది. మొన చుట్టూ నల్లటి వలయంలో చిన్న చిన్న బుడిపెలు చూశావా? 1837లో డబ్లిన్ డాక్టరు మాంట్‌గొమరీ వాటి గురించి రాశాడు కనక ఆయన పేరే పెట్టారు. వాటిల్లోంచి ఊరే నూనే ఆ చర్మానికి అసలు మందు. సబ్బు పెడితే అదే కొట్టుకుపోతుంది!

అందుకని అక్కడ సబ్బు వద్దు, గోరువెచ్చని నీళ్ళు చాలు. మెత్తటి గుడ్డతో అద్దుకో. వదులైన నూలు రవిక, మెత్తటి బ్రా వేసుకో. చెమటకి తడిస్తే వెంటనే మార్చుకో. మీ ఖమ్మం ఎండల సంగతి తెలియందా! నాలుగైదు నెలలు దాటాక కొందరికి జున్నుపాలు ఊరి ఎండి, గుడ్డకి అంటుకుంటాయి. లాగకుండా నీళ్ళతో తడిపి విడదియ్యి. పగుళ్ళ మీద రెండు చుక్కల కొబ్బరినూనె గానీ, మందుల షాపులో దొరికే శుద్ధి చేసిన లానొలిన్ గానీ పల్చగా రాయి. లానొలిన్ ఉన్నినుంచి తీసేది కనక ఉన్ని పడనివాళ్ళు వాడొద్దు. జండూబామ్, డెట్టాల్, నిమ్మరసం జోలికి పోకు.

ఇంకోమాట. మీ వైపు మిరపతోటలెక్కువ. కాయ కోసి వచ్చిన చేత్తో మందు రాశావో, చుక్కలు కనిపిస్తాయి! చేతులు బాగా కడుక్కో, రవిక మార్చుకో, తర్వాతే రాసుకో.

చీము, నెత్తురు, జ్వరం, గడ్డ, ఎర్రటి వాపు ఉన్నా, ఒక్కవైపే పొలుసులు లేచి మానకపోయినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించు. సిగ్గయితే ముందు ఊళ్ళో ఆశా కార్యకర్తతోనో, నర్సమ్మతోనో చెప్పు. రోజూ వినే మాటే వాళ్ళకి.

పాలివ్వలేనేమోనన్న బెంగ వదిలెయ్. కాన్పయ్యాక వచ్చే పగుళ్ళకి చాలావరకు కారణం బిడ్డ సరిగ్గా పట్టకపోవడమే. మొన ఒక్కటే కాకుండా చుట్టూ నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్ళాలి. కాన్పయిన గంటలోపే నర్సమ్మని దగ్గరుండి పట్టించమని అడుగు.

ఇక మీ ఆయన సంగతి. "నొప్పిగా ఉంది, చెయ్యి వెయ్యకు" అని చెప్పడం తప్పు కాదమ్మా. చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది? నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ మడిచి ఆయన దిండుకింద పెట్టు. చదివాక అత్తమ్మకీ వినిపించు!