పదుమూడవ పెట్టె

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున ఆనాడు డెమోక్రాటిక్ పార్టీకి ఎదురు లేదు. పార్టీ అభ్యర్థిని నిర్ణయించు ప్రాథమిక ఎన్నికయే అసలు ఎన్నిక; నవంబరులో జరుగునది లాంఛనము. కావుననే ఆ ఎన్నికనుండి నల్లజాతివారిని వెలివేయుట చెల్లదని 1944లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇది పార్టీ ఇంటి వ్యవహారమను వాదము అంతటితో వీగినదని పలువురు తలచినారు.

నాలుగేండ్లకే అది వేరొక రూపమున తలయెత్తినది. 1948 ఆగస్టు 28న సెనేటు స్థానమునకై జరిగిన తుది ప్రాథమిక పోటీలో మాజీ గవర్నరు కోక్ స్టీవెన్సన్, కాంగ్రెసు సభ్యులు లిండన్ జాన్సన్ తలపడినారు. లెక్కింపు చివర స్టీవెన్సన్ స్వల్పముగ ముందుండగా, ఆలిస్ పట్టణములోని 13వ పెట్టె లెక్కలో 202 ఓట్లు కొత్తగ చేరినవి. అందు 200 జాన్సనువే! ఆ పేర్లు అక్షరక్రమమున, ఒకే సిరాతో ఉన్నవని జాబితా చూచినవారు చెప్పినారు. దాదాపు పది లక్షల ఓట్లలో జాన్సన్ 87 ఓట్ల ఆధిక్యముతో నెగ్గినారు.

పార్టీ కార్యవర్గము 29–28 ఓట్లతో దానిని ఖాయపరచినది. ఫెడరల్ కోర్టు ప్రారంభించిన విచారణ, సుప్రీంకోర్టు న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ ఉత్తరువుతో నడుమనే ఆగినది. 1977లో ఆ కేంద్రపు ఎన్నికల అధికారి అవి దొంగ ఓట్లేయని అంగీకరించినాడు. అప్పటికి జాన్సన్ జీవించి లేరు.

ఆ జాన్సనే అధ్యక్షులై, 1965లో నల్లజాతివారి ఓటుహక్కును కాపాడు చట్టముపై సంతకము చేసినారు. ఆ సత్కార్యము 13వ పెట్టె మచ్చను మాపదు. ఆ మచ్చ చట్టపు విలువను తగ్గింపదు. విద్యార్థులు గ్రహింపవలసినది ఇది: ఓటుహక్కు పొందుట సగము పని. వేసిన ఓటు వేసినట్లే లెక్కకు వచ్చుట తక్కిన సగము.