పగిలిన పైపుకు ట్యూబు చుట్టడం ఇక చాలు

కొమరోలు మండల ప్రజలారా!

మొన్న మన మండలంలోని ఒక ఊళ్లో కొళాయిల్లో మురుగు వాసన నీళ్లు వచ్చాయి. ఆడవాళ్లు పట్టిన బిందెలు పట్టినట్టే ఒంపేశారు. తవ్వి చూస్తే సైడు కాలువ అడుగున పైపు. దానికి సైకిలు ట్యూబు ముక్క, పైన బైండింగ్ వైరు. విప్పితే జానెడు పొడవున చీలిక. కిందటి వేసవిలో ‘మరమ్మతు చేసేశాం’ అని చెప్పిన చోటు అదే! ఈసారీ ఇంకో ట్యూబు ముక్క చుట్టి మట్టి కప్పబోతే ఊరివాళ్లం అడ్డుపడ్డాం. ఈ కరపత్రం వేస్తున్నది ఆ అడ్డుపడినవాళ్లమే.

మనకు నీళ్లు వదిలేది గంటో, రెండు గంటలో. వదిలినంతసేపూ చీలికలోంచి నీళ్లు బయటికి చిమ్ముతాయి. వాల్వు కట్టేయగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది, చుట్టూ నిలిచిన మురుగు అదే చీలికలోంచి లోపలికి పోతుంది. మర్నాడు తొలి బిందెలో పడేది అదే. 2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి మనుషులు చచ్చిపోయారు. అవి నగరాలు కాబట్టి పేపర్లకెక్కాయి. మన పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే గిద్దలూరుకు ఆటో ఎక్కించడమే తప్ప అడిగే నాథుడు లేడు.

ఇక వృథా సంగతి. నిమిషానికి 15 లీటర్లు కారే చీలిక రెండు గంటల్లో 1800 లీటర్లు పారబోస్తుంది. కేంద్రం పెట్టిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంది. ఆ లెక్కన ఒక్క చీలిక 32 మంది నీళ్లు తాగేస్తోంది.

అసలు పైపు ఎందుకు పగులుతోంది? మనది రాతి గడ్డ. బండ తగిలిన చోట పగలగొట్టి లోతుకు పోవాలి. డబ్బు మిగలాలని కాంట్రాక్టర్లు పైపునే పైకి లేపేస్తున్నారు. పైపు కింద ఇసుకో మెత్తటి మట్టో పరవాలి. తవ్వి తీసిన రాళ్లనే జేసీబీతో మీదికి తోసేస్తున్నారు. రాతి మొన మీద ఆనిన పీవీసీ పైపు, దాని పైన రోజూ తిరిగే లోడు ట్రాక్టర్లు! ఎండలో నెలల తరబడి పడేసిన పైపులైతే ముందే పెళుసెక్కి ఉంటాయి. మోటారు వేసిన ప్రతిసారీ నీటి దెబ్బకు చిన్న పగులు ఇంకాస్త సాగుతుంది.

వీటన్నిటినీ మించిన అన్యాయం, పరీక్ష చేయకుండా పైపు కోసం తవ్విన కాలువ పూడ్చడం. పైపు నిండా నీళ్లు నింపి, చివరలు మూసి, చేతి పంపుతో మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి ఎక్కించి మీటరు చూడాలి. ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ మీటరును మీ వీధిలో ఎప్పుడైనా చూశారా? మేమైతే చూడలేదు. చీకటి పడేలోగా పూడుస్తారు, మీద సిమెంటు రోడ్డు పోస్తారు, బిల్లు తీసుకుంటారు. కొన్నాళ్లకు రోడ్డు మీద చెమ్మ తేలుతుంది. కొత్త రోడ్డు పగలగొడతారు. దానికీ బిల్లే. పైపు ఎంత త్వరగా పగిలితే అంత మేలు జరిగే మనుషుల చేతుల్లో మన పైపులున్నాయి. ఇది చేతకానితనమంటే మేం ఒప్పుకోం. ఇది దోపిడీ.

పగిలిన పైపు బాగుచేయడం బ్రహ్మవిద్యా? వాల్వు కట్టి, గుంతలో నీళ్లు తోడి, పైపు కింద కూడా చెయ్యి తిరిగేలా తవ్వాలి. కంటికి కనిపించే చీలిక కన్నా వెంట్రుకవాసి పగులు ముందుకు పోయి ఉంటుంది కాబట్టి అటూ ఇటూ మంచి పైపు వచ్చేదాకా కోసేయాలి. కొసలు గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, తడి లేకుండా గమ్ము పూసి, కొత్త ముక్కను కాలర్లతో బిగించాలి. గమ్ము ఆరేదాకా నీళ్లు వదలకూడదు. బురదలో పూసిన గమ్ము పట్టదని ప్లంబరు దగ్గర పని నేర్చుకునే కుర్రాడికీ తెలుసు.

ఇదంతా అడిగితే అధికారులు నిధుల్లేవంటారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించింది. ఆ లెక్క ముందు చెప్పండి. జనం కొళాయి పన్ను కట్టరంటారు. మురుగు నీళ్లకు పన్నెందుకు కట్టాలి?

కృష్ణా నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు వస్తే అన్నీ తీరతాయని ఊరించేవాళ్లకూ ఒక మాట. 1996లో శంకుస్థాపన చేశారు, నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాలు రెండు తొలిచారు. అంతకు ఎంతో ముందే, పొదిలి, దర్శి ప్రాంతాల్లో తాగునీటి ఫ్లోరైడు జబ్బును డాక్టర్లు 1937లోనే గుర్తించారు. అప్పటినుంచి ఈ పడమటి సీమ మంచినీళ్ల కోసం ఎదురుచూస్తూనే ఉంది. రేపు కృష్ణా నీళ్లు వచ్చినా మన ఇంటికి చేరాల్సింది ఈ ట్యూబులు చుట్టిన పైపుల్లోంచే! కంభం చెరువు కట్ట వందల ఏళ్లు నిలిచిందంటే, గండి పడ్డ చోట గడ్డి కప్పి పోయినవాళ్ల వల్ల నిలవలేదు.

అందుకే వచ్చే గ్రామసభలో ప్రతి ఊరూ ఈ తీర్మానం పెట్టించాలి. వీధివాళ్ల ఎదుట ఒత్తిడి పరీక్ష జరగనిదే పైపు కాలువ పూడ్చకూడదు. పరీక్ష కాగితం మీద ఆ వీధి ఆడవాళ్లు ఐదుగురు సంతకం చేయనిదే బిల్లు కాకూడదు. చుట్టిన ట్యూబులన్నీ విప్పి, ఆ ముక్కలు కోసి కొత్తవి వేయాలి. సైడు కాలువల్లోంచి పోయే పైపులను పక్కకు మార్చాలి. తీర్మానం పుస్తకంలోకెక్కి, చదివి వినిపించేదాకా హాజరు పట్టీలో ఎవరూ సంతకం పెట్టొద్దు.