ముందు పద్దులు విడదీయండి

2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని ఉడాన్ పథకాన్ని ప్రారంభించిన రోజే కడప–హైదరాబాద్ సర్వీసూ మొదలైంది. ఉడాన్ విమానం దిగినందుకు విమానాశ్రయం ల్యాండింగ్ చార్జీ అడగకూడదు, నిలిపినందుకు పార్కింగ్ చార్జీ అడగకూడదు. చిన్న ఊళ్లకూ విమానం అందాలని ప్రభుత్వం పెట్టిన షరతు అది. మంచి షరతే. కానీ రన్‌వే మరమ్మతులు, టవర్ సిబ్బంది జీతాలు, కరెంటు బిల్లు మామూలే. వదులుకున్న రాబడి విమానాశ్రయం పద్దులో నష్టంగా పడుతుంది. ఆ సర్వీసు నడిపిన ట్రూజెట్ విమానాలు 2022లో ఆగిపోయాయి. రన్‌వే ఖర్చు ఆగలేదు. ఆ నష్టాన్ని చూపించి, విమానాశ్రయాలు నడపడం ప్రభుత్వానికి చేతకాదని తేల్చేయడం అన్యాయం.

పెద్ద నగరాల రాబడితో చిన్న ఊళ్లను నెట్టుకురావడమే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పద్ధతి. 2006లో ఢిల్లీ, ముంబై ప్రైవేటుకు వెళ్లినా ఢిల్లీ ఆదాయంలో 45.99 శాతం, ముంబైలో 38.7 శాతం అథారిటీకి దక్కేలా ఒప్పందం కుదిరింది. 2019లో మరో ఆరింటిని ప్రయాణికుడికి ఇంత రుసుమని 50 ఏళ్లకు వేలం వేశారు: అహ్మదాబాద్‌కు 177 రూపాయలు, మంగళూరుకు 115. 2021 ఆగస్టులో ప్రైవేటుకు లీజుకిస్తామని ప్రకటించిన మరో 25 విమానాశ్రయాల జాబితాలో చెన్నైతో పాటు గన్నవరం, రేణిగుంట, మధురపూడి ఉన్నాయి. పాలిచ్చే ఆవులను తోలుకుపోయి ఒట్టిపోయినవాటిని కొట్టంలో వదిలేస్తే, గడ్డి ఖర్చు దండగని యజమానిని తప్పుపట్టగలమా?

అథారిటీని వెనకేసుకురావడం లేదు. టెర్మినల్‌లో దుకాణాల గదులు ఖాళీగా ఉన్నా, పార్కింగ్ టెండరు నెలల తరబడి తేలకపోయినా అది పథకం భారం కాదు, యాజమాన్యం తప్పే. విమానాశ్రయ డైరెక్టర్‌ను దానికి నిలదీయాలి. ప్రతి అద్దె ఒప్పందానికీ ఢిల్లీ అనుమతి కోసం చూసే పని లేకుండా ఆయనకు అధికారమూ ఇవ్వాలి.

అందుకే రెండు నష్టాలనూ విడదీయాలి. ప్రభుత్వ విధానం వల్ల వచ్చిన లోటును కేంద్ర బడ్జెట్ నుంచి ఆ విమానాశ్రయానికే జమ చేయాలి. మిగిలిన నష్టానికి అథారిటీ విమానాశ్రయాల వారీగా, కారణాలతో సహా జవాబు చెప్పాలి. ఆ పద్దులు జనం ముందుకు వచ్చేదాకా గన్నవరం, రేణిగుంటల లీజు మాటే ఎత్తకూడదు. గన్నవరం రన్‌వే విస్తరణకు పొలం ఇచ్చిన రైతు, ఏ లెక్క చూసి దాన్ని లీజుకిస్తున్నారని అడిగితే చూపించడానికి ఒక కాగితమైనా ఉండాలి.