కంది విత్తనానికి తేనెటీగ పరీక్ష

ఛత్తీస్‌గఢ్‌లోని నగర్‌నార్ పేరు చెప్పగానే 2023 అక్టోబరులో జాతికి అంకితమైన ఎన్‌ఎండీసీ ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తుంది. ఆ ప్రహరీకి అవతల ఉన్నది మాత్రం వానపై ఆధారపడిన బస్తర్ సేద్యమే. మెట్ట చేలల్లో మినుము, ఉలవ, కంది, పెరటి కంచెలపై చిక్కుడు తీగలు. వీటి విత్తనాన్ని చాలా కుటుంబాలు ఇంటి పంట నుంచే దాచుకుంటాయి. కేంద్రం 2025 అక్టోబరు 11న ప్రారంభించిన పప్పుధాన్యాల స్వయంసమృద్ధి మిషన్ ఇటువంటి ప్రాంతాలకూ వర్తించేదే. రూ.11,440 కోట్ల వ్యయంతో ఆరేళ్లు సాగే ఈ పథకంలో కంది, మినుము, మసూర్ ప్రధాన పంటలు. రైతులకు 88 లక్షల ఉచిత విత్తన కిట్లు ఇవ్వాలన్నది లక్ష్యం. కిట్టు అందిన మరుసటి ఏడు ఆ విత్తనం ఏమవుతుందన్నదే ఇక్కడ ప్రశ్న.

చిక్కుడు జాతి పంటలను స్వపరాగ సంపర్క పంటలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పడవ ఆకారంలో కలిసిన రెండు రేకుల లోపల కేసరాలు, కీలాగ్రం దాగి ఉంటాయి. పువ్వు విచ్చేలోగానే పుప్పొడి కీలాగ్రంపై రాలుతుంది. మినుము, పెసర, బీన్స్ విషయంలో ఇది చాలావరకు నిజం. బీన్స్‌లో పర సంపర్కం సాధారణంగా 5 శాతం లోపే ఉంటుంది. కంది మాత్రం ఆ లెక్కకు లొంగదు. దాని పసుపుపచ్చని పూలపై తేనెటీగలు, ఆకులు కత్తిరించే ఒంటరి ఈగలు వాలి రేకులను నొక్కి తెరుస్తాయి. పర సంపర్కం పలుచోట్ల 20 శాతం దాటినట్లు పరిశోధనల్లో తేలింది. కీటకాల సంఖ్యను బట్టి ఇది చోటుచోటుకూ మారుతుంది.

అందుకే ధ్రువీకృత మినుము విత్తన క్షేత్రానికి చుట్టూ 5 మీటర్ల ఎడం చాలు; కందికి 100 మీటర్లు కావాలి. చతురస్రాకారపు హెక్టారు చేనుకు ఒక్కో వైపు కొలతే 100 మీటర్లు. ఎకరం, అరెకరం కమతాలున్న రైతు ఒక్కడే ఈ నియమం పాటించడం అసాధ్యం. తేనెటీగ సర్వే నంబరు చూసుకుని వాలదు కదా! పైగా సంకరమైన గింజ ఆ ఏడు అచ్చంగా తల్లి మొక్క గింజలాగే కనిపిస్తుంది, ఎందుకంటే పైపొట్టు తల్లిదే. తేడా మరుసటి పంటలోనే బయటపడుతుంది. అప్పటికి కొత్త రకానికున్న తెగుళ్ల నిరోధకత పలచబడవచ్చు. తరాలుగా వస్తున్న స్థానిక కంది తన గుణాన్ని కోల్పోవచ్చు. నష్టం ఇరువైపులా ఉంది. రెండోదానికి మార్కెట్‌లో బదులు దొరకదు.

దోషం కీటకానిది కాదు. ఈ సంపర్కమే ఆధారంగా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ప్రపంచంలోనే తొలి కంది హైబ్రిడ్‌ను రూపొందించగా, అది 1991లో విడుదలైంది. విత్తనాన్ని దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కును 2001 చట్టం రైతుకు ఇచ్చింది. ఆ విత్తనం శుద్ధంగా నిలవాలంటే మాత్రం ఊరంతా ఒక్కమాట మీద ఉండాలి. ఒక పల్లె మొత్తానికి ఒకే కంది రకం ఇవ్వడం, స్థానిక రకాన్ని దూరంగా మరో పల్లెలో పెంచడం ఒక మార్గం. పూతకు ముందే కొన్ని మంచి మొక్కలకు సన్నని వల కప్పి, ఆ కాయలనే విత్తనానికి ఉంచుకోవడం మరొకటి. కీటకం వాలకున్నా కంది కాయ పట్టగలదు. జగదల్‌పూర్‌లోని వ్యవసాయ కళాశాల, పరిశోధన కేంద్రం నగర్‌నార్‌కు దగ్గరలోనే ఉన్నాయి. ఏ పల్లెకు ఏ రకమన్నది తొలకరికి ముందే తేలాలి. ఒకసారి పూత మొదలైతే సర్దుకునే వ్యవధి ఉండదు.