కొత్త ఫోను చేతికొచ్చింది.. మరి అది ఎవరి మాట వింటది?

కొత్త స్మార్ట్‌ఫోను కొన్నోళ్లు మొదటి దినం చెప్పేది ఒకటే ముచ్చట. కెమెరా మంచిగున్నది, స్క్రీన్ పెద్దగున్నది, చార్జింగ్ జల్ది ఎక్కుతున్నది. నేను సుత ఈ మధ్య ఒకటి కొన్న. అయిదేండ్లు వాడిన పాతది టచ్ పనిజెయ్యక మూలకు పడ్డది, ఇగ తప్పలేదు. కెమెరా సంగతి నాకు అంతగ తెల్వదు. కానీ మొదటి వారం దినాలు ఆ ఫోను నాతోని ఎట్ల మెసులుకున్నదో చూసినంక ఒకటి సమజైంది. పైసలు నావి, బిల్లు నా పేరు మీద ఉన్నది, అయినా ఆ ఫోను నాకంటె ముందు శానామంది మాట వింటున్నది.

ముందుగాల ధర చూద్దాం. 12,000 రూపాయల ఫోను అనుకోండ్రి. అండ్ల 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటది, లెక్కేస్తే దగ్గరదగ్గర 1,830 రూపాయలు. 2020 ఏప్రిల్ కంటె ముందు ఈ పన్ను 12 శాతమే ఉండె. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ తగ్గించినమని పండుగ జేసిండ్రు గదా, ఏసీలకు తగ్గింది, పెద్ద టీవీలకు తగ్గింది, ఫోనుకు తగ్గలే. మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 2025-26కు దినానికి 307 రూపాయలు. కొలత మొత్తం సరిపోయి నిండు కూలి పడ్డా, ఆ ఫోనుకు 39 దినాల చెమట. దాని మీద రీచార్జి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పుడు 2017 మార్చి దాక ఉత్తగనే ఇచ్చిండ్రు, ఊరూరికీ నెట్టు అలవాటైంది. 2024 జూలై వచ్చేటాళ్లకు మూడు పెద్ద కంపెనీలు ఒకదాని వెంబడి ఒకటి రేట్లు పెంచినయి. జియోలో దినానికి ఒకటిన్నర జీబీ ప్లాను 239 నుంచి 299కి ఎక్కింది. అది గూడ నెలకు కాదు, 28 దినాలకు. సాలుకు నెలలు 12, రీచార్జీలు 13. ఈ లెక్క పెట్టినోడు ఎవడో గానీ గట్టోడే.

సరే, కొన్నం. డబ్బా ఇప్పి స్విచ్ ఒత్తంగనే మొదటి ప్రశ్న భాష. నేను తెలుగు పెట్టుకున్న. మన పొలగాండ్లు తెలుగు పెడితే నామోషి అనుకుంటరు. ఆ మెనూలల్ల ఉన్న తెలుగు మన నోట్లె తెలుగు కాదు, అదీ నిజమే. అయినా పెట్టుకోండ్రి. ఎందుకంటే ఆ తర్వాత ఫోను అడిగే ప్రశ్నలు చదివి, సమజు చేసుకొని జవాబు చెప్పాల్సినయి. మనమేమో పెండ్లి భోజనాల కాడ ఇస్తార్ల ఏమేస్తున్నరో చూడకుండ తలూపినట్టు అన్నిటికీ ‘అనుమతించు’ ఒత్తుకుంట పోతం.

నేను పెట్టని యాప్‌లు నా కొత్త ఫోనులో ఇరవైకి మీదనే ఉన్నయి. షాపింగ్ యాప్‌లు, ఆటలు, ఒక లోన్ యాప్ సుత. కొన్ని తీసేస్తే పోతయి. కొన్ని పోవు, ఆపిపెట్టుడు ఒక్కటే మన చేతుల ఉంటది. డబ్బా మీద 128 జీబీ అని రాసిండ్రు, నాకు మిగిలింది వంద మీద కొంచెం. కొన్న ఇంట్ల అమ్మినోడి సామాను రెండర్రలల్ల అట్లనే ఉన్నట్టు.

పండుగకు మన ఫొటో పెట్టి శుభాకాంక్షల పోస్టర్ చేసే యాప్‌లు ఊర్లల్ల మస్తు నడుస్తున్నయి. అసుంటిది ఒకటి పెడితే నా కాంటాక్టులు కావాలన్నది. పోస్టర్‌కు కాంటాక్టులతోని ఏం పని? ఇక్కడ జర ఆగి ఆలోచించండ్రి. కాంటాక్టులంటే నా సొత్తు కాదు. అండ్ల మా మేనత్త నంబరున్నది, మా బిడ్డ సార్ నంబరున్నది, నా మీద నమ్మకంతోని నంబరు ఇచ్చిన ఆడపిల్లల నంబర్లున్నయి. ఒక్క వేలు ఒత్తుడుతోని వాళ్లందరి తరఫున నేను ఒప్పుకున్నట్టు. 2020 డిసెంబర్‌లో ఈ తెలంగాణలనే లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మనుషులు పానాలు తీసుకున్నరు. అయిదు వేల బాకీకి, పది వేల బాకీకి చుట్టాలకు, దోస్తులకు ఫోన్లు జేసి, ఫొటోలు మార్చి పంపి ఇజ్జత్ తీసిండ్రు. ఆ వేధింపులకు పెట్టుబడి ఏంది? కాంటాక్టులకు ఇచ్చిన ఆ ఒక్క అనుమతే.

దాని తర్వాతనే 2022 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ నియమం పెట్టింది. అప్పులిచ్చే యాప్ ఏదీ ఫోనులోని కాంటాక్టులు, కాల్ లిస్టు, ఫొటోలు ముట్టొద్దు. మనిషిని గుర్తుపట్టేందుకు కెమెరా, లొకేషన్ ఒక్కసారి అడగొచ్చు, అది గూడ ఒప్పుకుంటేనే. 2023 మే చివరి నుంచి గూగుల్ ప్లే స్టోర్ సుత లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు అడగొద్దని కట్టడి పెట్టింది. అంటే ఇయ్యాల ఏ లోన్ యాప్ అన్నా కాంటాక్టులు అడిగితే అది నియమం తప్పిన యాపే, ఇంకో ఆలోచన అక్కర్లేదు. లింకు పంపి బయటికెల్లి పెట్టుకొమ్మనే యాప్‌ల జోలికే పోవద్దు. పైసలు పోతే ఆలస్యం చెయ్యకుండ 1930కి కొట్టాలె. ఎంత జల్ది చేస్తే పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ.

కిస్తుల ఫోనుది ఇంకో కథ. సున్నా వడ్డీ అని రాస్తరు, కింద చిన్న అక్షరాలల్ల ప్రాసెసింగ్ ఫీజు ఉంటది. అది పోనీ అనుకుంటే, ఫోనులోపల ఫైనాన్సోడి లాక్ యాప్ ఒకటి కూసుంటది. కిస్తు తప్పితే ఫోను తాళం పడ్తది. 2024లో ఆర్‌బీఐ దీన్ని ఆపమన్నదని, 2025 సెప్టెంబర్‌లో మళ్ల కొనేటోళ్లు ముందుగాల ఒప్పుకుంటే తాళం వేసుకోనియ్యాల్నా అని ఆలోచిస్తున్నదని వార్తలొచ్చినయి. ఒప్పుకోలు అన్న మాట చూస్తేనే నాకు నవ్వొస్తది. దుకాణం కౌంటర్ కాడ నిలబడ్డ పొలగాడికి పది సంతకాలు పెట్టమంటే ఏది చదువుతడు? సామాన్లు ఇంటింటికి చేరేసే తమ్మునికి ఫోను బందైతే ఆ దినం పనే లేదు. కూలి బందు జేసి కిస్తు కట్టుమనుడు ఏం న్యాయం?

ఇప్పటిదాక చెప్పింది కంపెనీల సంగతి. ఫోను కొననన్నా ఊకోని సర్కారు సంగతి ఇగ చూద్దాం.

2025 వానకాలం పంట కాడికెల్లి పత్తిని సీసీఐకి అమ్మాల్నంటే కపాస్ కిసాన్ అనే యాప్‌లో పేరెక్కిచ్చుకొని, స్లాట్ బుక్ చేసుకోవాలన్నరు. మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. స్లాట్ లేకుంటే ఆ ధర లేదు, బయట దళారి చెప్పిందే ధర. మా దిక్కు ఒక అన్న పత్తి ఏరుడు మొదలు కాకముందే ఆ యాప్ కోసమే ఫోను కొన్నడు. యాభై దాటినోడు, అప్పటిదాక బటన్ల ఫోనే. ఆయనకు స్మార్ట్‌ఫోను మొదటి అనుభవం రీల్స్ కాదు, ఓటీపీ. ఆ ఓటీపీ పోయేదేమో రికార్డులల్ల ఎక్కిన పాత నంబరుకు. ఆ సిమ్ము ఎప్పుడో బందైంది. నంబరు మార్పిచ్చేందుకు వ్యవసాయ ఆఫీసు చుట్టు నాలుగు దినాలు తిరిగిండు. పదో తరగతి చదివే బిడ్డ బడికెల్లి వస్తే గానీ యాప్ ముంగట కూసునేటోళ్లు లేరు. అన్నకు పట్టా ఉన్నది కాబట్టి ఆ మాత్రం అయింది. కౌలు రైతు పేరు ఏ యాప్‌లో దొరుకుతది?

అక్టోబర్ చివర్ల మొంథా తుపాను వానలు పడి పత్తి తడిసింది. తేమ 8 శాతం ఉంటే నిండు ధర, 12 దాటితే కొననే కొనరు. పత్తి ఆరిన దినం స్లాట్ దొరకదు, స్లాట్ దొరికిన దినం పత్తి ఆరదు. పైకెల్లి అంతకుముందు ఎకరానికి 12 క్వింటాళ్లున్న పరిమితిని సీసీఐ 7కు దించింది. మార్కెట్లో మనిషి అడ్డం నిలబడితే కొట్లాడొచ్చు, అధికారిని నిలదీయొచ్చు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరం వస్తే ఎవలతోని కొట్లాడాలె?

ఉపాధి పనుల కాడ 2023 జనవరి నుంచి దినానికి రెండుసార్ల ఫొటో యాప్‌లో ఎక్కాలె. సిగ్నల్ లేని గుట్ట కింద ఫొటో ఎక్కకుంటే హాజరు లేదు, చేసిన పనికి కూలి లేదు. అంగన్‌వాడీల్ల 2025 జూలై నుంచి తల్లుల మొఖాలు ఫోనుకు చూపెట్టి ఇంటికిచ్చే సరుకులు పంచాలన్నరు. దొంగ హాజర్లు ఆపుడు మంచిదే, నేను వద్దనను. కానీ దొంగను పట్టేందుకు పెట్టిన యంత్రం ఖర్చు, సిగ్నల్ లేని కష్టం, పాత నంబరు తిప్పలు అన్నీ కూలోళ్ల మీద, రైతుల మీద, టీచరమ్మల మీదనే ఎందుకు పడాలె?

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకునుడు 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కేసు కండ్లు సరిగ లేనోళ్లు, యాసిడ్ దాడి బాధితులు బ్యాంకు కేవైసీ చేసుకోలేకపోతున్న విషయంలనే అయినా, మాట మాత్రం మన పత్తి రైతుకు సుత అక్కరకొచ్చేదే.

సర్కారు నేరుగ కొత్త ఫోన్లకే చెయ్యి పెట్టిన ముచ్చట ఒకటున్నది. 2025 నవంబర్ 28న కేంద్ర టెలికాం శాఖ, అమ్మే ప్రతి కొత్త ఫోనులో సంచార్ సాథీ యాప్ ముందే పెట్టాలని కంపెనీలకు ఆదేశమిచ్చింది. 90 దినాల గడువు. యాప్ చెడ్డదని నేను అనను. ఫోను పోతే బందు పెట్టొచ్చు, నా పేరు మీద ఎన్ని సిమ్ములున్నయో చూసుకోవచ్చు, నేను సుత చూసుకున్న. కానీ నేను పెట్టుకునుడు వేరు, నన్ను అడగకుండ పెట్టుడు వేరు. దేశమంత లొల్లి లేచింది. ప్రతిపక్షాలు, హక్కుల సంఘాలు నిలదీసినయి. డిసెంబర్ 3న ఆ తప్పనిసరి నిబంధన వాపస్ తీసుకున్నరు. వారం దినాలు గూడ పట్టలే.

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసిండ్రు, నియమాలు వచ్చింది మాత్రం 2025 నవంబర్‌లో. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేందుకు ఇంకో 18 నెలలు గడువిచ్చిండ్రు, అంటే 2027 మే దాక ఆగాలె. చట్టంల లోపాలు శానా ఉన్నయి, సర్కారుకు ఇచ్చిన మినహాయింపులు మరీ ఎక్కువ. అయినా అండ్ల ఒక పనికొచ్చే మాటున్నది. అనుమతి అడిగే నోటీసు ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలనైనా కావాలనే వీలు మనకు ఉండాలె. అండ్ల తెలుగున్నది. ఇచ్చిన అనుమతి మళ్ల వాపస్ తీసుకునుడు ఇచ్చినంత అలకగ ఉండాలె.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఇయ్యాల రాత్రి రీల్స్ చూసే పావుగంట పక్కకు పెట్టి ఫోను సెట్టింగ్స్‌లో అనుమతుల కాడికి పోండ్రి. కాంటాక్టులు, మైకు, లొకేషన్, మూడింటి కింద ఏయే యాప్‌లున్నయో చూడండ్రి. పని లేనిదానికి ‘అనుమతించవద్దు’ పెట్టండ్రి, మైకు, లొకేషన్‌తోని పని ఉన్నదానికి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ చాలు. అమ్మ ఫోను, నాయిన ఫోను సుత చూడండ్రి, వాళ్లకు అడిగేటోళ్లు మీరే.

ఫోను లోపలి పని అంతవరకే. పత్తి స్లాటు పని ఊర్ల చెయ్యాలె. 2025 డిసెంబర్ ఎన్నికలల్ల గెలిచిన కొత్త సర్పంచ్‌లు కుర్చీలల్ల కూసున్నరు. వచ్చే వానకాలం గింజలు పెట్టేటాళ్లకే గ్రామసభల ఒక తీర్మానం అడుగుదాం. ఫోను లేని రైతుకు, నంబరు మారిన రైతుకు, కౌలు రైతుకు రైతు వేదికలనే స్లాట్ బుక్ చేసి కాగితం రసీదు ఇయ్యాలె. తీర్మానం రిజిస్టర్‌ల ఎక్కినంక ఒక ఫొటో తీసి పెట్టుకోండ్రి, కలెక్టరేట్‌ల ప్రజావాణికి పోయేనాడు చూపెట్టేందుకు పనికొస్తది.