దశమభాగం పుస్తకంలో ఒక లెక్క, కోర్టు కాగితంలో ఇంకో లెక్క

విడాకుల కేసు నడుస్తున్న మా సంఘ సహోదరి ఒకరు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కాగితాల కట్ట తెచ్చి మా చేతిలో పెట్టారు. "పాస్టర్ గారూ, ఇంగ్లీషులో ఉంది. మా ఆయన ఏం రాశాడో చదివి చెప్పండి" అన్నారు. బెంగళూరు శివారులోని మా తెలుగు సంఘంలో కోర్టు కాగితం ఇంగ్లీషులో వచ్చినా కన్నడలో వచ్చినా చివరకు పాస్టర్ ఇంటికే చేరుతుంది.

అది భర్త దాఖలు చేసిన ఆస్తి అప్పుల ప్రమాణ పత్రం, అంటే అఫిడవిట్. నెల ఆదాయం 15,000 రూపాయలని అందులో ఉంది. ఆ సహోదరుడు నెలనెలా దశమభాగంగా ఇచ్చేది 5,000. లెక్క చేయడానికి పెద్ద చదువులు అక్కరలేదు.

మరుసటి వారం ఇద్దరు సంఘ పెద్దలు వచ్చారు. "ఆయన బీదవాడని సంఘం తరఫున ఒక ఉత్తరం రాయండి, ఆ పుస్తకం సంగతి మాత్రం ఎత్తకండి" అన్నారు. మేము రాయలేదు. పుస్తకాన్ని మాకై మేము కోర్టుకు మోసుకెళ్లం, కోర్టు అడిగితే దాచం అని చెప్పాం.

ఈ పత్రం ఎందుకు వచ్చిందో మన విశ్వాసులు తెలుసుకోవాలి. 2020 నవంబరు 4న జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ధర్మాసనం ఇచ్చిన తీర్పులో, మనోవర్తి అడిగే ప్రతి కేసులోనూ ఇరుపక్షాలూ ఆదాయం, ఖర్చులు, ఆస్తులు, అప్పులు, తమపై ఆధారపడినవారి వివరాలు ప్రమాణం చేసి చెప్పాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. వ్యవసాయం మీద బతికేవారికి వేరే నమూనా ఇచ్చింది. ఎదుటి పక్షం నాలుగు వారాల్లోగా దాఖలు చేయాలి. కావాలని సాగదీస్తే వారి వాదనను కోర్టు కొట్టివేయవచ్చు. అబద్ధం రాస్తే చర్య తీసుకోవచ్చు. భార్య సంపాదిస్తున్నంత మాత్రాన మనోవర్తి హక్కు పోదని కూడా ఆ తీర్పు చెప్పింది.

క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, కేసు నడిచే కాలానికి భార్యకిచ్చే మనోవర్తి భర్త ఆదాయంలో అయిదో వంతు మించకూడదనే హద్దు ఉండేది. 2001 సవరణ దాన్ని తీసేసింది. కానీ ఆదాయాన్నే దాచేస్తే హద్దు తీసేసి ఏం లాభం?

విడాకులు వాక్యానుసారమా కాదా అని మన సంఘాలు గంటలు గంటలు వాదిస్తాయి. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం గురించి మాత్రం నోరు విప్పవు. అననీయ సప్పీరాల కథ మనం కానుకల రోజున ప్రసంగిస్తాం. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకోవడం ఒక్కటే కాదు, అదే మొత్తమని చెప్పడం కూడా వారి పాపం. ఈ పత్రంలో జరుగుతున్నదీ అదే. ఇక్కడ దాచింది పిల్లల స్కూలు ఫీజు, ఇంటి అద్దె.

ఈ మాట సహోదరికీ చెప్పాం. గార్మెంట్స్ జీతం కాక, ఇంట్లో బ్లౌజులు కుట్టగా వచ్చే రెండు వేలు రాయవద్దని ఎవరో సలహా ఇచ్చారట. రాయమన్నాం. కాసేపు ఆలోచించి, రాశారు.

ప్రియ తోటి సేవకులారా, మూడు పనులు చేద్దాం. తెలియని ఆదాయం మీద, తెలిసిన అబద్ధం మీద ఉత్తరాలు రాయడం మానేద్దాం. స్థానిక భాష, ఇంగ్లీషు చదవగలిగిన ఒకరు సహోదరి పక్కన కూర్చుని, ప్రతి గడీ తెలుగులో చెప్పాకే సంతకం చేయించేలా చూద్దాం. ఆదాయం ఎంత ఉన్నా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం హక్కని, 15100కు ఫోన్ చేయవచ్చని బలిపీఠం మీద నుంచే ప్రకటిద్దాం.

ఆ సహోదరుడు ఇప్పుడు మాతో మాట్లాడటం లేదు. దశమభాగం మాత్రం పంపించారు. ఈసారి 1,500. ఆ కవరు మేమింకా పుస్తకంలో ఎక్కించలేదు. ముందు ఆయన్నే కలవాలనుకుంటున్నాం. దేవునికి లెక్క తగ్గించి చూపినా ఫరవాలేదు సహోదరుడా, ఆయనకు అసలు లెక్క తెలుసు. నీ పిల్లలకు తగ్గించకు అని చెప్పాలి.