పోయాక మారిన కథ
బిల్లీ టిప్టన్... అమెరికాలో జాజ్ పియానో కళాకారుడు. ముగ్గురు పిల్లల్ని దత్తత తీసుకుని పెంచిన తండ్రి. 1989 జనవరిలో స్పోకేన్ నగరంలో 74వ ఏట కన్నుమూశారు. ఆయన ఆడపిల్లగా పుట్టారన్న సంగతి కొడుకులకు తెలిసింది అప్పుడే! అంతే... దశాబ్దాల సంగీతం వెనక్కి వెళ్లిపోయింది. బ్యాండుల్లో ఆడవాళ్లకు చోటు దొరకదని మగవేషం కట్టిందన్నారు. వేదిక మీద సరే, ఇంట్లో కూడా వేషమేనా? 1998లో వచ్చిన జీవిత చరిత్ర పేరులోనే 'డబుల్ లైఫ్' అని ఉంది. 2020 నాటి డాక్యుమెంటరీ 'నో ఆర్డినరీ మ్యాన్'లో ట్రాన్స్ నటులు టిప్టన్ పాత్రను చేసి చూశారు. వాళ్లకు అందులో మోసం కనిపించలేదు, తమలాంటి మనిషి కనిపించాడు. అందులో ఓ కొడుకు కూడా మాట్లాడాడు... తన నాన్న గురించి.